ఏడో డెక్కు, ఎడమ పక్క

తుర్కులో నవంబరు. మూడున్నరకే చీకటి.
వంటింటి బల్ల మీద రెండు ఓడలు పరిచాను,
ఎగరకుండా చెరో కాఫీ కప్పూ పెట్టి.

మొదటిదానికి ఇరవై అంతస్తులు, ఏడు ఈతకొలనులు,
పైగా మంచు మీద జారే మైదానం!
మంచుకి డబ్బు కట్టి కరీబియన్ దాకానా, అని నవ్వాను.
రెండోది కాస్త చిన్నది. నిజం చెట్లున్న తోటట.
బాల్కనీ గది నాలుగొందల యూరోలు తక్కువ.

తైస్తో కళ్లద్దాలు తీసి
మొదటి బొమ్మని ముక్కుకి ఆనేంత దగ్గరికి తెచ్చుకున్నాడు.
"ఇది మేం కట్టిందే."
ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసినవాడు
బాల్కనీలు చూడడు,
వాటి వెనక అతుకులు చూస్తాడు.

"ఏడో డెక్కు, ఎడమ పక్క. ఆ చలికాలం
వెయిక్కో నిచ్చెన మీంచి..."
అక్కడ ఆపి, కాఫీలో చక్కెర కలిపాడు.
తను చక్కెర వేసుకోడు.

ఆ ఓడ నీళ్లలోకి దిగిన రోజు
వెయిక్కో భార్య నా గొడుగు కిందే నిలబడి
అందరితో పాటు చప్పట్లు కొట్టింది.
పేరు చూసి కూడా నాకు తట్టలేదేం?

కాగితం మడిచేశాను. "చెట్లున్నదానికే పోదాం."
తైస్తో తల అడ్డంగా ఊపాడు.
"దీన్లోనే. ఒక్కసారి
ఎండలో, చెప్పుల్లేకుండా అక్కడ నడవాలి."

ఎడమ పక్క గదులేమైనా మిగిలాయేమో అని
ఫోను అందుకున్నాను.