నాలుగు పడని మిషను

శ్రీకాకుళం కోర్టు వరండాలో
నా టైపు మిషనుకి నాలుగంకె పడదు.
పన్నెండేళ్లుగా నాలుగొచ్చిన చోటల్లా
ఖాళీ వదిలి పెన్నుతో దిద్దుతాను.
బెహరా ప్లీడరుగారు ఇవాళ మరీ మరీ చెప్పారు:
"రెండు వందల యాభై నాలుగో అధికరణమోయ్, జాగ్రత్త.
నాలుగు మరిచావంటే ఇరవై ఐదవుతుంది,
మనిషిని అడగాల్సిన డబ్బు
దేవుణ్ని అడిగినట్టుంటుంది."

బల్ల అవతల తామాడ దాలమ్మ.
పలాస జీడి ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు.
పదిమంది పనివాళ్లుంటే చాలు,
మానేసిన నాడు గ్రాట్యుటీ ఇవ్వాలంది ఢిల్లీ చట్టం.
ఇరవై మందుంటేనే అంది మన రాష్ట్రం చట్టం.
పదికీ ఇరవైకీ మధ్య
పద్నాలుగు మంది ఆడవాళ్లు
పీటలేసుకుని పిక్కలు కొడుతున్నారు.

"ఒకే సంగతి మీద రెండూ ఎదురుపడితే
పైదే నిలుస్తుంది.
కిందది ఆ మేరకు చెల్లదు."
ఆయన చెబుతున్నారు, నేను కొడుతున్నాను.
'ఆ మేరకు' దగ్గర ఎప్పుడూ ఆయన గొంతు తగ్గుతుంది,
చేపను పారేయకుండా
ముల్లొక్కటే తీస్తున్నవాడిలా.

దాలమ్మ అంతా విని అడిగింది:
"కాటా మీద కాటా ఎట్టి తూస్తారేటి బావూ?
మా సేటు కాటా తప్పైతే
ఆపీసరొచ్చి ముద్దరేసిన రాయితో సూసీవోడు.
మరా రాయిని ఏ రాయితో సూస్తారు?"
ప్లీడరుగారు నవ్వారు.
నేనా మాట కొట్టలేదు.
అఫిడవిట్లో అలాంటివి పట్టవు.

వేలిముద్ర వెయ్యమన్నాను.
సిరా పూసి ఒత్తితే
కాగితం మీద ఓ మచ్చ పడింది, అంతే.
గీతలు లేవు.
పంతొమ్మిదేళ్లు జీడినూనె తినేసింది.
ఎడమది ఒత్తింది, కుడిది ఒత్తింది,
అడక్కపోయినా చూపుడువేలూ ఒత్తింది.
"ఇదొక్కటీ ఇద్దరూ అడుగుతారు గావాల,
ఢిల్లీవోళ్లూ మనోళ్లూనూ."

మధ్యాహ్నం కేసు పిలిచారు.
ప్లీడరుగారు బాగానే మాట్లాడారు.
అవతలి వకీలు తొందరపడకుండా లేచి
కవరులోంచి ఒక్క కాగితం తీశాడు.
రాష్ట్రం చట్టానికి రాష్ట్రపతి ఆమోదం,
తేదీతో, సింహాల ముద్రతో.
అదుంటే కిందది కిందనే ఉండి కూడా
ఈ గడ్డ మీద నిలుస్తుందట,
పైవాడే కిందవాడి చెయ్యెత్తి పట్టుకున్నట్టు.
మా ప్లీడరుగారు కళ్లద్దాలు తీసి
చాలాసేపు తుడిచారు.
"ఆ తేదీ తర్వాత
ఢిల్లీ చట్టం మళ్లీ మారింది, అయ్యా" అన్నారు చివరికి.
జడ్జిగారు గోడ మీది క్యాలెండరు చూశారు.

వాయిదా. వచ్చే నెల పద్నాలుగు.

చీటీ మీద ఒకటి కొట్టి
పక్కన ఖాళీ వదిలి
పెన్ను కోసం జేబు తడుముకుంటున్నాను.
దాలమ్మ ఆ నల్లటి వేలు
సరిగ్గా ఖాళీ మీద ఆనించి
"ఇక్కడేటుంది బావూ?" అంది.
ఇంకా ఏం లేదమ్మా, రాయాలి.
"బేగి రాయి మరి,
పలాస బస్సెల్లిపోతాది."