కింద నుంచి చదువు

రా అబ్బీ దస్తగిరీ, కూచో.
పదో తారీఖు కాగితం చేతికొచ్చిందా?
పైన నీ పేరు తప్పుగా ఉంటాది, పట్టించుకోబాక.
పక్కన పెద్దంకె చూసి మురిసిపోబాక,
అది నీ పేరు మీద అమ్ముడైన ప్యాకేజీల మొత్తం,
క్లబ్బు మురిసేదానికి క్లబ్బు రాసుకున్న అంకె.
కింద నుంచి చదువు.

నాకు మొదటి నెల ఎవరూ చెప్పలే.
సాల్మియాలో, ఇదే మెట్ల కింద
కాగితం తిరగేసి బోర్లేసి చూసినా.
తొంభై కేజీల మనిషిని బెంచి మీద నుంచి లేపేటోణ్ణి
చుక్క తర్వాత మూడంకెలు లేపలేకపోయినా.
మన రూపాయికి పైసలు నూరు, ఈడ దినారుకు ఫిల్సు వెయ్యి,
ఒక సున్నా ఎక్కువ మోయాల.

లేడీస్ సెక్షన్ నిల్మిణి, సింహళం పిల్ల,
టీ గ్లాసు కాగితం మీద పెట్టి చెప్పింది:
అమ్మింది క్లబ్బుది.
చేయించింది నీది.
వేలిముద్ర పడంది ఎవరిదీ కాదు.
గ్లాసు తీస్తే గుండ్రటి మరక,
సరిగ్గా కోత అనే గడి మీద.

ఇది నా పోయిన మార్చి, చూడు.
కోత పది దినార్ల ఎనిమిన్నూరు ఫిల్సు.
విమానాల ఆఫీసాయన బదిలీ అయి డబ్బు వాపసు తీసుకున్నాడు,
నాతో మూడు సెషన్లు చేసినాక.
ఆ మూడింటి కమిషను నా దగ్గర పట్టుకున్నారు.
కారిన చెమట మాత్రం ఎవరూ వాపసు అడగలే.

ఇంకొంచెం పైకి రా.
సెషను పన్నెండు దినార్లు.
అరవై లోపలైతే నూటికి ముప్పై,
అరవై తాకితే నలభై, మొదటి సెషను నుంచీ.
నేను చేయించింది అరవై మూడు.
కాగితంలో యాభై ఎనిమిది.

ఆ ఐదూ బూ ఫహద్‌వి.
డెబ్భై నాలుగేండ్లు, మోకాలు మార్పించుకున్నాడు,
చక్కెర చూసుకునేదానికి పొడిచి పొడిచి
వేలి గీతలు అరిగిపోయినాయి.
ఐదు రోజులు తుడిచి తుడిచి పెట్టినాడు,
ఐదు రోజులూ ఎర్రలైటే.
సొంత దేశంలో సొంత వేలు చెల్లలే.
చీటీల మీద సంతకం చేసినాడు, చీటీలు డ్రాయర్లో పడినాయి,
డ్రాయర్ కాగితానికి ఎక్కదు.

చిన్నప్పుడు బొంబాయిలో ఉన్నాడంట,
ఆయన హిందీ పాత నోటు మాదిరి మెత్తగా ఉంటాది.
నా మొగం చూసి ఏమైందన్నాడు. చూపించినా.
శానాసేపు చూసి,
మా తాత ముత్యాలకు మునిగేటోడు, అన్నాడు.
ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి.
ఎంతసేపు ఊపిరి పట్టినాడో ఆయనకు తెలుసు,
ఎంత బాకీ ఉన్నాడో నౌఖదా పుస్తకానికే తెలుసు.
సీజనుకు ముందు అడ్వాన్సు, దిగినాక కోత.
మునిగింది తాత,
తేలింది బాకీ.

ఆ పైన మాట్లాడలే. మిషన్ మీద కాలు చాపినాడు.
నేను రోజూ అనే మాట యాడ పట్టుకున్నాడో,
తెలుగులోనే, తనకు తనే,
ఇంకొక్కటి, అన్నాడు.

చీటీలు పట్టుకుని మేనేజర్ దగ్గరికి పోయినా.
మర్యాదగానే చెప్పినాడు:
ఐదింటికి పద్దెనిమిది దినార్లు వచ్చే నెల్లో కలుపుతాం,
నెల మూసినాక రేటు మారదు.
అట్ల పోయింది డెబ్భై ఐదు దినార్ల ఆర్నూరు ఫిల్సు.
ఎవరూ తీసుకోలేదంట.
గడికీ గడికీ మధ్య గీతలో ఇంకిపోయిందంట.

అప్పటి నుంచి ఈ నోటుబుక్కు.
తేదీ, టైము, పేరు, అంతా తెలుగులో.
మేనేజరు ఒకసారి తిప్పి చూసి, ఇదేం అక్షరాలు, అన్నాడు.
మొదటి నెల నా మొగం ఆయన మొగంలో కనపడింది.

ఎర్రలైటు పడితే ఫోటో తీసుకో.
నెలాఖరుకు నాలుగు రోజుల ముందే లెక్కేసుకో,
యాభై తొమ్మిది దగ్గర ఉంటివా,
ఎవరినైనా బతిమాలి ఇంకొక్కటి చేయించు.

ఇటియ్యి నీ కాగితం.
టీ మరక పడితే పడనీలే.
కోత గడి యాడుందో
వేలు పెట్టి చూపించు.