తెలిసిన తాళ్ళు

బేతంచెర్లలో రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో
నాది కాగితాల పని.
బయట రంపం నీళ్ళు తాగుతూ అరుస్తుంటుంది,
తెల్లటి బురద కాలవ పట్టి పోతుంటుంది.
చెవుల్లో దూది పెట్టుకొని
తెలుగులో విని ఇంగ్లీషులో రాస్తాను:
కరెంటు ఆఫీసుకు అర్జీ, బెంగళూరుకు బిల్లు,
కొత్త తాళ్ళ ఇండెంటు, ఇప్పటికి మూడుసార్లు.

రాళ్ళు బరువుంటాయి, అంటాడు ఓనరు.
స్టోన్స్ ఆర్ హెవీ.
భూమ్మీది రాళ్ళన్నీ బరువే,
ముందర ఏమీ అక్కర్లేదు.
రాళ్ళు లోడైనాయి, అంటాడు.
ఇక్కడ పెన్ను ఆగుతుంది.
లోడైనవి లోకంలోని రాళ్ళు కావు,
నిన్న రాత్రి లారీకెక్కిన నాలుగొందల పలకలు.
ద స్టోన్స్.

ఎనిమిదో తరగతిలో మహబూబ్ బీ టీచరు చెప్పింది
(మా బడి బోర్డు కూడా నాపబండే):
"అందరి గురించైతే ఖాళీగా వదిలెయ్.
ఫలానావాళ్ళైతే ముందర ద పెట్టు.
ఆ ఫలానా ఎవరో
చెప్పేవాడికి తెలిస్తే చాలదు,
వినేవాడికీ తెలిసుండాల."
మన తెలుగుకు ఈ బాధ లేదు.
గడ్డం అట్లా ఎత్తితే చాలు
ఏ గొర్రెలో తెలిసిపోతుంది.

మంగళవారం పొద్దున పలకలు జారినాయి.
మద్దిలేటి పాదం.
హుసేనప్ప రెండు వేళ్ళు.
సుంకన్నకు దెబ్బ తగల్లేదు,
మాటే రావడం లేదు.

ఇన్సూరెన్సు ఫారం నా ముందర పెట్టి
"రాయమ్మా, కూలోళ్ళు అజాగ్రత్త" అన్నాడు.

వర్కర్స్ ఆర్ కేర్‌లెస్.
అట్లా రాస్తే
కొలిమిగుండ్ల నుంచి చైనా దాకా
చేతులున్న ప్రతివాడూ తప్పు చేసినట్టే.
ద పెడితే ముగ్గురే:
తాగిన టీ గ్లాసు కడిగి బోర్లించి పోయే మద్దిలేటి,
నా పెన్ను ఆగితే సంతలో రీఫిల్ తెచ్చిచ్చిన హుసేనప్ప,
ఇంకా ఆస్పత్రి వరండాలో
ఖాళీ అరచేతులు చూసుకుంటున్న సుంకన్న.

మూడే అక్షరాలు.
పెట్టినా బరువే, తీసినా బరువే.

ఓనరు ఫోను మాట్లాడుతూ గేటు దాకా పోయినాడు.
ఆయన తిరిగొచ్చేలోగా
గడి నింపేసినాను:
ద రోప్స్ వర్ ఓల్డ్.

చదివినాడు.
కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకొని
ఇంకోసారి చదివినాడు.

ఏ తాళ్ళు
అని అడగలేదు.