మట్టం

అమలాపురం కాలవ మీద
మా నాన్న లాకు లస్కరు.
పేరు ఏసురత్నం.
కొలబద్ద మీద నీళ్లెక్కడున్నాయో చూసి
రిజిస్టర్లో రాయడం ఆయన ఉద్యోగం.

పెంకుల పడవొచ్చేది, ధాన్యం పడవొచ్చేది.
కింది తలుపులు మూసి, పైతూము ఎత్తితే
లాకులో నీళ్లు మీది కాలవకి సమానమయ్యేదాకా
పావుగంట.
ఆ పావుగంట సర్కారుదీ కాదు, సరంగుదీ కాదు.
నాన్న చప్టా మీద గొంతుకూర్చుని
ఖాకీ చొక్కా లోపల్నుంచి పుస్తకం తీసేవాడు.

పడవవాళ్లు బీడీలు ముట్టించేవారు.
నీళ్లు గుడగుడమంటూ లేచేవి.
పడవ లేచేది.
పడవతో పాటు నాన్న మొహం కూడా
ఏదో ఎత్తుకి లేవడం నేను చూశాను.
నాకప్పటికి అక్షరాలు రావు.
పుస్తకమంటే
మనిషిని అడుగునించి నెమ్మదిగా పైకి తేల్చే నీళ్లలాంటిదేదో అనుకున్నాను.
ఇప్పటికీ అంతకంటే బాగా తెలీదు.

ఆపిన చోట ఆకు మడిచేవాడు కాదు,
పుస్తకం ఎప్పుడూ ఆయనది కాదు గనక.
కొన్ని, ధవళేశ్వరం నించి సరంగులు తెచ్చిచ్చినవి.
కొన్ని, కరణంగారింటి గుమ్మం బయట నిలబడి
రెండు చేతులూ చాచి పుచ్చుకున్నవి.
అందుకని రిజిస్టర్లో
ఆరడుగుల మూడంగుళాలు అని రాసిన పక్కన
పెన్సిలుతో, చిన్నగా,
112.

ఓసారి ఓవర్సీరు తనిఖీకొచ్చి
ఇదేంటోయ్ ఈ నూటపన్నెండు అన్నాడట.
అదీ మట్టమేనండీ అన్నాడట నాన్న.
ఈ మాట చెప్పినప్పుడల్లా అమ్మ
నవ్వాపుకోలేక పులుసులో గరిట వదిలేసేది.
రెండ్రోజుల జీతం కోశారని మాత్రం
చాన్నాళ్లకి గానీ చెప్పలేదు.

తర్వాత లారీలొచ్చాయి.
పడవలు ఒడ్డున బోర్లా పడుకున్నాయి.
లాకు తలుపులకి గుర్రపుడెక్క అడ్డం పడింది.
నాన్న మటుకు పొద్దుటా సాయంత్రం చప్టా మీదికెళ్లి
పడవొచ్చినట్టే కూర్చునేవాడు.

ఆయన పోయాక
తమ్ముడు దయానందం సైకిలు తీసుకున్నాడు.
చెల్లి ఇత్తడి గంగాళం.
నేను రిజిస్టర్లడిగాను,
ఆఫీసువాళ్లు పారేస్తే తెచ్చుకున్నవి, మూడు.
చిత్తుకాగితాలు నీకెందుకే అన్నారు.

ఏ పుస్తకమో ఎక్కడా రాయలేదు. అంకెలే.
కాలవలు కట్టేసిన మే నెలలో
మట్టం సున్నా. పక్కన 60, 131, 204.
ఆగస్టు పదిహేడు, పదకొండడుగులు. పక్కన ఖాళీ.
పద్దెనిమిది, ఖాళీ.
ఆ రెండు కాగితాలూ ఒండ్రుతో అంటుకుపోయాయి,
గోటితో విడదీశాను.
ఇరవైరెండు, తొమ్మిదడుగులు, 41.
హమ్మయ్య అన్నాను,
ఇన్నేళ్ల తర్వాత, పైకే.

ఒకచోట 286. మర్నాడు 286.
ఆ మర్నాడూ 286.
పుస్తకం వెనక్కడిగేశారా?
అక్కడితో చిరిగిపోయిందా?
ఆ పేజీ వదిలి రాలేకపోయాడా?
తేదీ చూశాను.
నేను పుట్టిన వారం కాదు,
ఇంట్లో ఎవరూ పోయిన వారమూ కాదు.
మామూలు ఫిబ్రవరి.

ఇప్పుడు ఏ పుస్తకం పట్టుకున్నా
286 దగ్గర కాస్త ఆగుతాను.
అన్ని పేజీలు లేని పుస్తకమైతే
అట్ట లోపలి తెల్లకాగితం దగ్గర.

రావులపాలెం బస్టాండు.
కాకినాడ బస్సు వచ్చి నిలబడింది.
కండక్టరు రెండుసార్లు పిలిచాడు,
నన్నే చూస్తూ మూడోసారి.
ఉండవయ్యా,
నీళ్లింకా సమానం కాలేదు.