మూడో పేరా

పియోరియాలో, హైస్కూలు జిమ్ములో,
బాస్కెట్‌బాల్ వల కింద మైకు పెట్టారు.
చట్టం ఉంచాలా, ఎత్తెయ్యాలా అని సభ.
సెనేటరు రాలేదు. సహాయకుడొచ్చాడు,
నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"ఊళ్ళోవాళ్ళ రోగాలన్నీ నా జేబులోంచా?"
ఒకాయన లేచి అరిచాడు.
సగం జిమ్ము చప్పట్లు కొట్టింది,
మిగతా సగం చెక్కనేలను కాళ్ళతో తన్నింది.

తర్వాత వెల్మా హోస్టెట్లర్,
స్కూలు బస్సు నడిపే మనిషి,
నాలుగు మడతల ఉత్తరం విప్పింది.
కళ్ళజోడు మరిచిపోయిందట,
చెయ్యి చాపి దూరంగా పట్టుకుని
కూడబలుక్కుంటూ చదివింది:
"మీ అభ్యర్థనను క్షుణ్ణంగా పరిశీలించాం..."

క్షుణ్ణంగా.
ఆ మాట నాది.
ఫిబ్రవరిలో, భోజనానికి లేవబోయే ముందు,
పదకొండు నిమిషాల్లో
నలభై ఉత్తరాలకు అతికించిన మూడో పేరా.

"ముందునుంచీ ఉన్న జబ్బు" దగ్గర ఆగింది.
"ముందునుంచీ అంటే
ఎప్పట్నించి బాబూ?"

సహాయకుడు ఏదో రాసుకున్నాడు.
టైము చూసే కుర్రాడు
తల దించుకునే ఎర్ర అట్ట ఎత్తాడు.

బయట మంచు పడుతోంది.
కారు తాళం కనబడలేదు.
జేబులన్నీ వెతుక్కున్నాను,
ఒకటికి రెండుసార్లు,
క్షుణ్ణంగా.