పదకొండో ఇల్లు

మా లోయలో ఒక అట్ట పలక
ఇంటింటికీ తిరుగుతుంది.
దానికి బిగించిన కాగితాలు:
ఆదివారం పొద్దున ఆరింటికి కాలవగట్టు గడ్డి కోత,
గాజు సీసాలు మూడో బుధవారం మాత్రమే,
పై మలుపులో ఎలుగుబంటి కనపడింది,
నడుముకు గంట కట్టుకుని నడవండి.
చదివి, పేరు పక్కన ముద్ర గుద్ది
తర్వాతి గుమ్మంలో పెట్టాలి.
పదకొండు ఇళ్లు. పదకొండోది నాది.

ముద్ర చెక్కే ఆయన
నా పేరు మూడుసార్లు పలికించుకున్నాడు.
వకుళ.
వాళ్ల అక్షరాల్లో ళ లేదు.
చాలాసేపు తల గోక్కుని "వాకురా" అని చెక్కి
వేలెడంత కొయ్యముక్క చేతిలో పెట్టాడు.
పగలంతా కిసో కనుమ అవతల ఫ్యాక్టరీలో
మడతబందులకు నూనె రాస్తాను.
రాత్రి స్నానపు తొట్టిలో, ఆవిరిలో,
తాళం, వేళ, నీళ్లు, పళ్లెం
అని గొణుక్కుంటాను,
నాలుక మడత తుప్పు పట్టకుండా.

పదో ఇల్లు ఒగిసో టోమె అవ్వది.
ఆవిడ మాట కూడా మన మాటలాగే
క్రియ కోసం చివరిదాకా ఆగుతుంది.
కానీ అవ్వ చివరిదాకా వెళ్లదు.
"ఈ మోకాలు ఇవాళ కాస్త..."
"మీ వంట వాసన నిన్న రాత్రి..."
అని కొండకేసి చూస్తుంది.
మొదటి ఏడు ఆ ఖాళీల్లో
కాలు జారి పడుతూనే ఉన్నాను.
ఇంగువ ఆవిడకు నచ్చిందో లేదో
ఇప్పటికీ తెలీదు.

జూన్‌లో బూజు.
చెప్పుల్లో, నిఘంటువులో,
పోపుల డబ్బా మూత కింద.
మళ్లలో నీళ్లు నిలిపిన రాత్రి
ఫోనులో మా అక్క,
"ఏంటే ఆ గోల, పక్కింట్లో పెళ్లా?"
"కప్పలు. రేపు నాట్లు."
"నువ్వు జపాన్‌లో ఉన్నావనుకున్నానే!"

అక్టోబర్‌లో కిటికీ తెర మడతల్లో
కంపుపురుగులు.
ఎక్కువ వస్తే మంచు ఎక్కువట.
ఎన్ని, అని అడిగింది అవ్వ.
నలభై మూడు, అన్నాను.
ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్లి
ఇంకో వరస కట్టెలు పేర్చింది.

వగరు పెర్సిమన్ పళ్లు చెక్కు తీసి
తాడుకు కట్టి చూరుకు వేలాడదీయడం
ఆవిడే నేర్పింది.
ఎండకు కాదు, చలిగాలికి తీపెక్కుతాయి.
మధ్యమధ్య ఒక్కొక్కదాన్నీ పిసకాలి,
పసిబిడ్డ మడమ పట్టుకున్నట్టు.
ఎన్నాళ్లు, అన్నాను.
"అది, మరి..." అంది.

ఆ చలికాలం
ఆరో ఇంటి యానో గారు నగోయా వెళ్లిపోయారు,
కోళ్లను నాలుగో ఇంటికిచ్చి.
మూడో ఇంటి కిటికీలకు చెక్కలు కొట్టారు.
పలక మీద కొత్త జాబితా అంటించారు.
అడుగు కదలకుండానే
నేను తొమ్మిదో ఇల్లయ్యాను.

ఫిబ్రవరిలో మూడు రోజులు పలక రాలేదు.
మంచు కిటికీ సగానికి వచ్చింది.
సాయంత్రం ఐదింటికి
ఊరి మైకులో వచ్చే పాట కూడా
దూది కుక్కిన గొంతుతో వినపడింది.
నాలుగో రోజు పార తీసుకుని
అవ్వ గుమ్మంకేసి తవ్వడం మొదలెట్టాను.
చేతులు ఎప్పుడో మొద్దుబారాయి.
సగం దారిలో
గోడ అవతల ఇంకో పార చప్పుడు.

మంచుగోడ మీద ఊదారంగు ఉన్ని టోపీ లేచింది.
ఎనభై ఆరేళ్ల ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.
నేను తవ్వొచ్చిన దారిని చూసి
"దారి కాస్త..." అంది.
వెనక్కి తిరిగి చూశాను.
నిజమే, ఎద్దు నడిచినట్టుంది.
అవ్వ పలకను గోడ మీదుగా అందిస్తూ
"వకు..." అని
ఎప్పటిలాగే ఆగిపోయింది.

ఆ ఖాళీలో నా ళ
చెక్కుచెదరకుండా ఉంది.

ఇంటికొచ్చేసరికి ముద్ర సిరా గడ్డకట్టింది.
దాని మీద నోటి ఆవిరి ఊది,
తొమ్మిదో గడిలో గుద్ది,
అప్పుడు కాగితం చదివాను:
సోమవారం భారీగా మంచు పడే అవకాశం ఉంది,
ముందే జాగ్రత్త పడగలరు.