కంచెను మేసే గడ్డి

కంచె చేను మేస్తుందని సామెత విన్నాను.
ఆ కంచెనే గడ్డి మేస్తుందని
బురోవా వచ్చాకే తెలిసింది.

గేటు దగ్గర మీటరు ఏడు వేల వోల్టులు చూపిస్తుంది,
వాగు దాటేసరికి రెండు వేల మూడొందలు.
మిగతాది ఎవరు తిన్నట్టు?
నోరీన్ హాలొరన్ తల కూడా ఎత్తదు.
"నడువు. నడిస్తేనే దొంగ దొరికేది."

నడుస్తాను. నాలుగు కిలోమీటర్ల తీగ,
ఇటు మా గొర్రెలు, అటు క్లైవ్ ట్రాంటర్ తేనెపెట్టెలు.
కళ్లతో కాదు, చెవులతో వెతకాలి.
మంచుకు తడిసిన గడ్డిపరక
కింది తీగను ముట్టుకున్న చోటల్లా
టిక్కు, టిక్కు,
గోడ మీద బల్లి పలికినట్టు.
బల్లి పలికితే సత్యం అంటారు మా వైపు.
ఇక్కడ పలికితే దొంగతనం.

ఒక్క పరక ఎంత తింటుంది? ఏమీ తినదు.
పక్కన ఇంకోటి ఉంటుంది, అదీ సంగతి.

పోయినేడు మందు కొట్టాం.
వీపున ఇరవై లీటర్ల డబ్బా, గాలి లేవని తెల్లవారుజాము,
తీగకు ఇరుపక్కలా మీటరు చొప్పున.
వారంలో పచ్చ పసుపయింది,
నెలలో నేల బోడిగుండయింది.
శుభ్రంగా ఉందని ముచ్చటపడ్డాం కూడా.
మార్చి వానకు ఆ బోడినేల కోసుకుపోయి
మూల స్తంభం తాగినవాడిలా ఒరిగింది.
ఆ వెనకే,
బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు విసిరినట్టు,
ఊదా పువ్వు వచ్చి ఖాళీ అంతా పట్టేసింది.

పాటర్సన్ శాపం అంటారు దాన్ని.
ఎవరో పాటర్సన్ గారి ఇల్లాలు ఇష్టపడి తోటలో నాటుకుందట,
పాపం, ఆ ఇంటిపేరు కలుపులో కలిసిపోయింది.
గుర్రం మేస్తే కాలేయం చెడుతుంది.
పక్క రాష్ట్రంలో అదే పువ్వుకు
మోక్షం అని అర్థం వచ్చే పేరుందని
క్లైవ్ తీగ అవతల నిలబడి చెప్పాడు.
"పీకకు. నా ఈగలకు ఈ నెల అదే కూడు."
"నా గుర్రానికి అదే చావు" అంది నోరీన్, తీగ ఇవతల.

గట్టు తగాదాలు నాకు కొత్త కాదు.
జానెడు గట్టు కోసం కోర్టుకెక్కి
ఎకరం అమ్ముకున్నవాళ్లను ఎరుగుదును.
వీళ్లు కోర్టుకు పోలేదు,
పలకరింపులు మానేశారు, అంతే.
పాలు పోయని టీ లాంటి మూడు వారాలు గడిచాక
ఒప్పందం కుదిరింది.
మా వైపు చేత్తో పీకుడు,
అతని వైపు గింజ కట్టేలోపు కోత.
పువ్వు విత్తుగా మారే ఆ నాలుగు రోజులూ
పరీక్ష హాల్లో పంతులులా
కంచె పొడుగునా నేనే తిరిగాను.

ఈ ఏడు డబ్బా దించలేదు.
పగలంతా కరెంటు ఆపేసి
గొర్రెలను తీగ కిందికి మెడలు చాపనిచ్చాం.
అవి వదిలింది కట్టరుతో కోస్తున్నాను.
డిసెంబరుకల్లా ఇది ఎండితే
గడ్డి అనరు, అగ్గిపుల్లలు అంటారు.

మూల స్తంభం దగ్గర ఒక ఫలారిస్ దుబ్బు.
కట్టరు ఎత్తి, మళ్లీ దించాను.
లోపల గుండ్రటి గూడు, బొటనవేలు పట్టే గుమ్మం,
గుమ్మంలో గోధుమరంగు పిట్ట.
నీలిరంగు మొగుడు పై తీగ మీదికి ఎగిరొచ్చి
నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు.
ఏడు వేల మీద కూర్చుని మరీ.
నేలను ముట్టుకోనివాడికి భయమేముంది!

పరకల కొసలు మాత్రం కూడదీసి
బస్తా తాడుతో జడలా వెనక్కి కట్టాను.
రెండు మూడు అందలేదు. వదిలేశాను.

సాయంత్రం వాగు అవతల మీటరు
ఆరు వేల ఎనిమిదొందలు.
"ఇంకో రెండొందలు ఏవి?" అంది నోరీన్.
"వెతుకుతున్నాను."

రేపూ వెతుకుతాను.
రెక్కలొచ్చి ఆ పిల్లలు లేచిపోయేదాకా
వెతుకుతూనే ఉంటాను.